వెనుదిరిగి చూడని వీధి

తమిళనాడులోని ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు నుంచి చీలిన ఒక అడ్డవీధి ముప్పై ఎనిమిది గడపలు దాటి, ఎండిన చెరువు కట్ట దగ్గర ఆగిపోతుంది. మార్చి నెల రెండో తేదీ ఉదయం ఆ చెరువులో పొగ లేచింది.

మంట లేదు. కట్టెల వాసన లేదు. ఉన్నిరంగు పొగ మోకాలెత్తున నేలను పట్టుకొని నిలబడింది తప్ప, గాలి వీచిన వైపుకు పోలేదు. మొదట చూసినది మాదమ్మాళ్. ఉదయం ఆరు గంటలకు తోపుడు బండితో వీధిలోకి అడుగుపెట్టే మనిషి ఆమె ఒక్కతే కనుక అందులో వింత లేదు. వింతంతా ఆ పొగ వాసనలో ఉంది. అందులో నొప్పితైలం ఉంది, కొబ్బరినూనె ఉంది, మూసిన గదిలో చాలాకాలం మంచం పట్టిన మనిషి దగ్గర ఉండే వాసన ఉంది. ఆమె బండి ఆపి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొంది. చెరువులోంచి ఎవరో తీరిగ్గా ఒక్కొక్క వేలే విరుచుకొంటున్నట్టు చిటుక్, చిటుక్ మని చప్పుడు వినిపించింది.

మాదమ్మాళ్‌కు యాభై నాలుగేళ్ళు. పూర్వులు ఎన్ని తరాల కింద ఈ నేలకు వచ్చారో ఆమెకు తెలియదు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. అయిదో తరగతి దాకా అరవంలో చదివింది. తెలుగక్షరం మాత్రం ఒక్కటీ రాదు. భర్త చిన్నతంబి కొత్త కట్టడాలలో సెంట్రింగు పనివాడు. సోమవారం బెంగుళూరు బస్సెక్కి శనివారం దిగేవాడు. సిమెంటు ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని, రెండేళ్ళ కింద దగ్గి దగ్గి పోయాడు. కూతురు సరణ్య నర్సు చదువులో రెండో ఏడు. ఆ చదువు పూర్తయ్యేదాకా మాదమ్మాళ్ పేరు పారిశుధ్యపు కాంట్రాక్టరు పట్టీలో ఉండి తీరాలి. ఆమె బతుకంతా ఆ పట్టీలోని ఒక్క వరస మీద నిలిచి ఉంది.

ఆ వీధికి చెత్త వేరు చేయడం నేర్పినది ఆమే. కరపత్రాలు పంచారు, మైకు కట్టిన ఆటో తిరిగింది. ఆ కరపత్రాలన్నీ మర్నాడు ఆమె బండిలోనే తేలాయి. ఆమె గడప గడపకూ నిలబడి, అన్నమూ కూరగాయల తొక్కలూ పచ్చబుట్టలో, కాగితమూ ప్లాస్టిక్కూ నీలిబుట్టలో, బ్లేడు ముక్కలు విడిగా పొట్లంలో అని నాలుగేళ్ళు చెప్పింది. వినేవాళ్ళు విన్నారు. తక్కినవాళ్ళకు చెరువు ఉంది.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. ఆ వీధిలో మనిషి పోతే, పదహారో దినపు కర్మ ముగిసిన సాయంత్రం, వాళ్ళు పడుకొన్న పరుపూ తలగడా చేతికర్రా తీసుకెళ్ళి చెరువులో పెట్టి, కర్పూరం వెలిగించి, తిరిగి చూడకుండా వచ్చేస్తారు. తిరిగి చూస్తే పోయినవాళ్ళు వెంట వస్తారని భయం. పోయినవాళ్ళ పట్ల భయమూ భక్తీ మనుషులకు ఉండవలసినవే. వాటిని తప్పుపట్టడానికి ఎవరికీ అధికారం లేదు. కాని ఈ వీధి ఏం చేసింది? చచ్చినవాళ్ళ పరుపుకు పెట్టుకొన్న నియమాన్ని కోడితోలుకూ, పసిపిల్లల డైపర్లకూ, పగిలిన ట్యూబులైట్లకూ వర్తింపజేసింది. ఇన్నూరు అడుగుల దూరానికి స్కూటరు స్టార్టు చేసి, కట్ట మీద బండి ఆపకుండానే సంచి విసిరి, మెడ తిప్పకుండా ఇంటికి చేరడం అక్కడ దినచర్య. పెట్రోలు కాల్చి మరీ చెత్త పారేసే నాగరికత ఇది! వాకిట్లోకి వచ్చి చేతికందుకొనే మనిషి ఉండగా, ఆమెకివ్వడానికి పది అడుగులు నడవలేని పెద్దమనుషులు వీళ్ళు. అలా పద్దెనిమిదేళ్ళు విసిరారు. అక్కడ ఏమి పెరుగుతోందో వీధిలో ఒక్కరూ చూడలేదు. చూడకూడదు గదా.

పొగ రెండోనాడూ ఆగలేదు. మూడోనాటికి ఇళ్ళలోకి వచ్చింది. చింతపండు మండీ నంజప్ప ఇంట్లో ఆయన భార్య సౌభాగ్యం, ఈమధ్యే పోయిన అత్తగారి మూసి ఉంచిన గది తలుపు సందులోంచి ఆ వాసన వస్తోందని గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ గదిలోని వస్తువులన్నీ మార్చి ఒకటిననే చెరువుకు చేరాయి. అయినా వాసన తలుపు లోపలినుంచే వస్తోందని ఆమె ప్రమాణం చేసింది. ఎదురింటి పిల్ల చెరువులో ఒక అవ్వ వీపు తిప్పుకొని కూర్చుందని చెప్పి జ్వరం తెచ్చుకొంది. సాయంత్రమయ్యేసరికి వీధంతా కిటికీలు మూసుకొని, గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టింది.

భయానికి ఒక మనిషి కావాలి. మార్చి తొమ్మిదో తేదీన అరవంలో అర్జీ తయారయింది. దాని నకలు ఇప్పటికీ ఉంది. "మార్చి రెండో తేదీ ఉదయం నుంచి చెరువులో పొగ వస్తున్నది. చెత్తను ఎరువు షెడ్డుకు తోసుకొని పోయే శ్రమ తప్పించుకొనుటకు మాదమ్మాళ్ అను పనిమనిషి అక్కడనే నిప్పు పెట్టుచున్నది. స్వర్గస్థురాలైన ఒక వృద్ధురాలి పరుపును సైతం కాల్చినది. ఆమెను తొలగించవలెను." కింద పదకొండు సంతకాలు. మొదటిది నంజప్పది. వాటిలో మూడు ఒకే చేతిరాత. ఆ సంగతి మునిసిపల్ కార్యాలయంలో ఎవరూ గమనించినట్టు లేదు.

కాంట్రాక్టరు సూపర్వైజరు వసంతకుమార్ ఆమెను పిలిపించాడు. చెడ్డవాడు కాడు, పై నుంచి ఫోను వస్తే వణికే కుర్రవాడు. ఇద్దరూ అరవంలోనే మాట్లాడుకొన్నారు.

"అక్కా, సోమవారం దాకా టైము. సోమవారం పొద్దున పొగ కనపడితే పట్టీలోనుంచి నీ పేరు కొట్టెయ్యమన్నారు. నేనేం చేసేది?"

"నేను అగ్గిపుల్ల గీస్తే నువ్వు చూసినావా?"

"నేను చూడలేదు. పదకొండు మంది చూసినారంట."

"చెరువు పక్కకే చూడనోళ్ళు నన్నెట్ల చూసినారు? సరే, ఆ కాగితం ఒక జిరాక్సు ఇయ్యి."

వసంతకుమార్ నవ్వాడు. "ఏం చేస్తావక్కా? పటం కట్టిస్తావా?"

"నా పేరుండాది కదా దాంట్లో. నా పేరుండే కాగితం నా దగ్గర ఉండల్ల."

ఆ రాత్రి ఆమె కాగితాన్ని కూడబలుక్కొని చదివింది. తేదీ దగ్గర ఆగింది. మార్చి రెండు. ఆ ఉదయం తన బండిలో ఏమున్నదో ఆమెకు బాగా గుర్తు. నంజప్ప ఇంటి ముందు ఎంగిలి అరటాకులు నూరుకు పైన. ముందురోజు పదహారో దినపు భోజనాలవి. వాటిని బండికెత్తుతున్నప్పుడే చెరువు పొగ ఆమె కళ్ళలో పడింది.

మర్నాడు శనివారం. ఆమె తెల్లవారకముందే ఇల్లు దాటి, ఆడవాళ్ళకు టిక్కెట్టు లేని మొదటి టౌనుబస్సు దిగి, వీధిలోకి కాక నేరుగా కట్ట మీదికి నడిచింది. రెండేళ్ళ కింద, ఈ వీధి ఆచారమే పట్టుకొని, చిన్నతంబి చాపా తలగడా మోసుకొచ్చి, కర్పూరం వెలిగించి, పళ్ళు బిగబట్టి తిరిగి చూడకుండా వెళ్ళిపోయిన చోటు ఇదే. ముప్పై ఎనిమిది ఇళ్ళకు ఏ బుట్టలో ఏది వెయ్యాలో చెప్పే మనిషి, సొంత మొగుడి చాప దగ్గరకొచ్చేసరికి ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆమె కట్ట దిగింది.

ముళ్ళతుమ్మల నడుమ పరుపుల మీద పరుపులు. చేతికర్రలు, ఒక కంటికి అద్దం లేని కళ్ళజోడు, మంచం మీదే వాడే ప్లాస్టిక్ మూత్రపు బుడ్డీలు, నీళ్ళు లేని గాజు గ్లాసులో పళ్ళసెట్టు. వాటి చుట్టూ, వాటి మీదా, ఎవరి చావుతోనూ సంబంధం లేని సంచులు వేలకొద్దీ. చెప్పుల లోంచి వేడి పాదాలకు తగిలింది. ఎండ ఇంకా రాలేదు. ఆమె ఇంకో అడుగు వేసింది. నేల పరుపులా మెత్తగా దిగి, మెల్లగా పైకి లేచింది. వేళ్ళు విరిచిన చప్పుడు ఇప్పుడు కాళ్ళ కిందనే వినపడుతోంది. వంగి చూస్తే మాత్రల రేకులు. లోపలి వేడికి ఒక్కొక్క గుళికా ఉబ్బి చిట్లుతోంది. కారణం తెలిశాక కూడా ఆ చప్పుడు వేళ్ళు విరుచుకొంటున్నట్టే వినిపించింది.

అక్కడే, తుమ్మకు ఆనుకొని, కూర్చొని ఉంది.

నీలిగీతల పరుపు. నడుముకు మడతపడి, తలవైపు కొంచెం ముందుకు వాలి ఉంది. ఏళ్ళకేళ్ళు ఒకే వైపుకు ఒత్తిగిలి పడుకొన్న మనిషి గుంట దానిలో అలాగే ఉంది. భుజమెక్కడో, తుంటి ఎక్కడో చెప్పవచ్చు. మెడ ఉండవలసిన చోట కుట్టు విడిపోయి సన్నగా పొగ వస్తోంది. పొగ ఆగేది, మళ్ళీ వచ్చేది. ఆగేది, మళ్ళీ వచ్చేది. పక్కన తలగడ సగం మాడి, దాని నడుమ కర్పూరపు మసి కాటుకలా మెరుస్తోంది.

మాదమ్మాళ్ పరుగెత్తలేదు. "అమ్మా, నేను నీ చెత్తకుప్ప ఎత్తుకొనే మాదమ్మని," అని మాత్రం పైకే చెప్పి, వెనకడుగులతో కట్ట ఎక్కింది.

వీధిలో చెత్త ఎత్తడం ముగించి, ఎనిమిది గంటలకు ఆమె నంజప్ప వాకిట్లో నిలబడింది. సౌభాగ్యం తలుపు తీసింది.

"ఏం మాదమ్మా, కుప్ప ఇచ్చేసినాము కదా. మళ్ళా ఏంది?"

"కుప్పకు రాలేదు తల్లీ. కాగితానికి వచ్చినా. సామిని పిలువు."

నంజప్ప బయటికి వచ్చాడు. అరవై దాటిన భారీ మనిషి. వారం నుంచి నిద్ర లేని కళ్ళు. "వెనక్కి తీసుకొమ్మని అడిగేదానికి వచ్చినావా? కుదరదు. మా అమ్మ పండుకొన్న పరుపది. దాన్ని కాల్చేదానికి నీకు చేతులెట్ల వచ్చినాయి?"

"నేను కాల్చేటప్పుడు మీరు చూసినారా సామీ?"

"నేనాపక్క తిరగను. తిరక్కూడదు. నీకు తెలీదా?"

"తెలుసు. దీంట్లో మీరు రాసిన తేదీ ఒకతూరి చదవండి."

నంజప్ప కాగితం అందుకొని విసుగ్గా చదివాడు. "మార్చి రెండో తేదీ ఉదయం నుంచి. అయితే?"

"ఒకటో తేదీ మీ ఇంట్లో ఏం జరిగినాది?"

జవాబు సౌభాగ్యం చెప్పింది. "అత్త పదహారో దినము."

"ఆ ఆకులు రెండో తేదీ నేనే ఎత్తినా. నేను వీధిలోకి వచ్చేటప్పటికే పొగ లేచి ఉండాది. ఆ పొద్దు దాకా లేని పొగ, మీరు పరుపు పెట్టి వచ్చిన రాత్రి ఎట్ల వచ్చినాది సామీ?"

నంజప్ప ముఖం పాలిపోయింది. కోపంతో దాన్ని కప్పుకోవాలని చూశాడు. "అంటే? మా అమ్మే లేచి కూచ్చోని అగ్గి పెట్టుకొనిందంటావా?"

"లేచి కూచ్చోనే ఉండాది. అగ్గి మాత్రం ఆమె పెట్టలేదు."

సౌభాగ్యం గోడ పట్టుకొంది. "ఏమండీ. కర్పూరం. బాలమురుగన్ తలగడ మీద పెట్టినాడు. నేల మీద పెట్టరా అని నేను అరిచినా. మీరు, తిరగొద్దు తిరగొద్దు రా అని నా చెయ్యి పట్టుకొని లాక్కొచ్చినారు."

బాలమురుగన్ వాళ్ళ కొడుకు. ఇప్పుడు మండీ చూసుకొనేది అతనే. నంజప్ప స్కూటరు తాళం కోసం జేబులో వెతికాడు.

"బండి వద్దు సామీ. ఇన్నూరు అడుగులు. బండి మీద పోతే మీకేమీ కనపడదు."

"మోకాళ్ళు నొప్పి నాకు."

"చింతపండు మూటల మీద ఎక్కి నిలబడతారు, అప్పుడు నొయ్యవా?"

సౌభాగ్యం అంత భయంలోనూ నవ్వు ఆపుకోలేకపోయింది. నంజప్ప చెప్పులేసుకొన్నాడు.

కట్ట ఎక్కినవాడు చెరువుకు వీపు పెట్టి, వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు చూసి చెప్పు."

"నేను చెప్తే నమ్ముతారా? నమ్మేవాళ్ళు నామీద కాగితం రాస్తారా? నేను కూడా తిరిగి చూడకుండా పోయినదాన్నే సామీ. మా ఆయన చాప దీంట్లోనే ఉండాది. నా కర్పూరం దేనికీ అంటుకోలేదు, మీది అంటుకొనింది. అంతే తేడా."

అతడు తిరిగాడు. మొదట అతని కళ్ళకు తల్లి కనపడలేదు. కనపడినవి తన మండీ పేరు అచ్చువేసిన ప్లాస్టిక్ గోతాలు. చెరువంతటా, లెక్కకు అందనన్ని. ఆ తర్వాత తుమ్మ దగ్గరకు చూపు పోయింది. వాలిన తల, భుజపు గుంట, ఆగి ఆగి వస్తున్న పొగ.

"అమ్మా," అని గబగబ దిగాడు.

"సామీ, ఆ పక్క వద్దు!"

మూడో అడుగుకు నేల విరిగింది. పైన బూడిద రంగు పెచ్చు. దాని కింద కుమ్మరి ఆవంలా ఎర్రగా, మంట లేకుండా, నిశ్శబ్దంగా కాలుతున్న లోతు. కుడికాలు మడమ దాకా దిగేసరికి మాదమ్మాళ్ అతని నడుము పట్టి వెనక్కి గుంజింది. ఇద్దరూ కట్ట వాలు మీద పడ్డారు. చెప్పు లోపలే ఉండిపోయి, మెత్తబడి, కరిగి, అదృశ్యమైంది. తెరుచుకొన్న గుంటలోంచి గాలి లోపలికి పోయినట్టుంది. చెరువు అవతలి ఒడ్డున, యాభై గజాల దూరంలో, అప్పటిదాకా ఏమీ లేని చోట, ఇంకొక సన్నటి పొగ లేచింది. తర్వాత మరొకటి.

వారం రోజులుగా నిప్పు కిందికి దిగి, పరుపు నుంచి పరుపుకు, సంచి నుంచి సంచికి, చీకట్లో నడుచుకొంటూ అవతలి ఒడ్డు దాకా పోయిందన్నమాట. నంజప్ప పట్టిన చెమట తుడుచుకోకుండానే వసంతకుమార్‌కు ఫోను చేశాడు. మడమ కాలినందుకు ఒక్క మాట అనలేదు. "నిప్పు మాది. నా కొడుకు పెట్టిన కర్పూరం. ఆ ఆడకూతురు కాదు," అని మూడుసార్లు చెప్పాడు.

నీళ్ళ లారీలు రెండు రోజులు నడిచాయి. జేసీబీ పైపొరలు విప్పింది. పరుపుల దగ్గర దాని డ్రైవరు దిగిపోయాడు. ఆ గుట్టను ముట్టనన్నాడు. తక్కిన పనివాళ్ళూ చేతులు కట్టుకొన్నారు. ముట్టిన మనిషి ఒక్కతే. నీలిగీతల పరుపును మాదమ్మాళ్ పడుకోబెట్టి, కుట్టు విప్పి, కాలని బూరుగుదూది ఒక గోనెలోకి, గుడ్డ ఇంకొక గోనెలోకి తీసింది. నంజప్ప కట్టు కట్టిన కాలితో గట్టు మీద నిలబడి చివరిదాకా చూశాడు. ఆదివారం సాయంత్రానికి పొగ ఆగింది.

సోమవారం హాజరు పట్టీలో ఆమె పేరు పిలిచారు. ఆమె పలికింది. అర్జీ వెనక్కి తీసుకొంటున్నట్టు నంజప్ప రాసి ఇచ్చిన కాగితం ఆ రోజే కార్యాలయానికి చేరింది. నిందమోపిన కాగితానికి పదకొండు సంతకాలు; నింద తప్పని ఒప్పుకొన్న కాగితానికి రెండు, నంజప్పదీ సౌభాగ్యానిదీ. తక్కిన తొమ్మిది సంతకాలు ఏమైనట్టు? చెయ్యి నొప్పి పుట్టిందా? మొదటి కాగితం ఈనాటికీ ఆ ఫైలులోంచి తీయబడలేదు. ఎవరైనా ఎప్పుడైనా ఆమె వివరాలు తిరగేస్తే మొదట కనపడేది అదే.

ఆ ఉదయం ఆమె వీధిలోకి వచ్చి ఈల ఊదింది. ముప్పై ఎనిమిది గడపల ముందూ పచ్చబుట్ట, నీలిబుట్ట అప్పటికే పెట్టి ఉన్నాయి. నాలుగేళ్ళు చెప్పినా చేయనివాళ్ళు కూడా తొక్కలు వేరుగా, ప్లాస్టిక్ కడిగి వేరుగా పెట్టారు. బ్లేడు పొట్లాల మీద అక్షరాలు కూడా రాశారు. మనుషులు మాత్రం లేరు. తలుపులు మూసి ఉన్నాయి. కిటికీ తెర కదిలేది, ఆమె తల ఎత్తితే ఆగిపోయేది. చచ్చినవాళ్ళ పరుపు విప్పిన చేతులవి. బుట్ట వంచిన చప్పుడు తప్ప వీధిలో ఇంకొక చప్పుడు లేదు. ఆమె ఒక గడప దాటి ముందుకు పోయాక, వెనక గడియ తీసి, బుట్ట లోపలికి లాక్కొని, మళ్ళీ గడియ వేసుకొనేవారు.

నంజప్ప ఇంటి దగ్గర బుట్టలు బయట లేవు. సౌభాగ్యం రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉంది. చేతికిచ్చింది.

"మాదమ్మా, అత్త పరుపులో దూది ఏం చేసినారు?"

"ఎరువు షెడ్డులో పేడనీళ్ళు చల్లి తొట్లో వేసినాము తల్లీ."

"ఎన్ని దినాలకు మాగుతాది?"

"తొక్కలకైతే నలబై అయిదు దినాలు. దూదికి నిదానం. మూడు మాసాలు పట్టచ్చు."

సౌభాగ్యం ఒకసారి లోపలి గది తలుపు వైపు చూసింది. ఆ తలుపు ఇప్పుడు తెరిచి ఉంది. "మాగినాక ఒక గోనె తెచ్చియ్యి. పెరట్లో కరేపాకు చెట్టుకు వేస్తా. ఆమెకు కరేపాకు లేనిదే చారు దిగేది కాదు."

"భయం లేదా తల్లీ?"

"ఉండాది," అంది సౌభాగ్యం. "తెచ్చియ్యి."

మాదమ్మాళ్ సరేనని బుట్టలు తిరిగి ఆమె చేతికిచ్చి, పక్క గడప ముందు ఎవరూ లేకుండా ఎదురుచూస్తున్న బుట్టల దగ్గరకు బండి తోసింది.